ఆరున్నొక్కటి

మా ఇంట్లో అంకెలు అందరి ఇళ్లలో ఉన్నట్టు ఉండేవి కావు. ఒకటి ఉండేది కాదు. దాని చోట లాభం ఉండేది. ఏడు అసలే ఉండేది కాదు. అంబాజీపేట బజారులో మాది కొబ్బరి కొట్టు. రాశి పోసిన కాయలు లెక్కపెట్టేటప్పుడు నాన్నగారు "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ ఆరుదాకా వచ్చి, అక్కడ చిన్న గుటక వేసి, "ఆరున్నొక్కటి" అని, ఎనిమిదిలోకి దాటిపోయేవారు. ఏడు అంటే ఏడవమని చెప్పినట్టే కదా. సరుకు ముందు నిలబడి అలాంటి మాట అంటే సరుకు వింటుందని మా వాళ్ల భయం. కొబ్బరికాయకి మూడు కళ్లున్నాయి సరే, చెవులెక్కడున్నాయని నేను ఒకసారి అడిగితే మా నాయనమ్మ మొట్టికాయలు వేసింది. అవి కూడా లాభంతోనే మొదలుపెట్టింది.

పదిహేడు మాకు పదహారున్నొక్కటి. ఎక్కాలన్నీ కొట్టు అరుగు మీద కూర్చుని చదువుకోవచ్చు గానీ, ఏడో ఎక్కానికి మాత్రం పెరట్లోకి పోవాలి. గేదెల ముందు అనుకోవచ్చు. గేదెలకి ఏమైనా ఫరవాలేదు కాబోలు.

ఈ అలవాటు వల్లనే ఒక సాయంత్రం, గెలిచేసిన ఆటని మేం ఇంకోసారి గెలవవలసి వచ్చింది. యాభైల తొలి సంవత్సరాల మాట. నేను హైస్కూల్లో ఉన్నాను. పరికిణీ మీద ఓణీ కొత్తగా వేస్తున్నాను. ఆటల్లో నాకేమీ పేరు లేదు. పేరున్నది బేరాల్లో. మా వీధిలో గాజులమ్మే ఆయన నన్ను చూడగానే మలారంలో గాజులు మళ్లీ కట్టేసుకునేవాడు. చెప్పిన ధరకి సగం అడగడం ఎవరైనా చేస్తారు. నేను అడిగేదాన్ని కాదు, ముందు వస్తువే వద్దనేదాన్ని. వద్దన్నాక అమ్మేవాడే నన్ను బతిమాలడం మొదలుపెట్టేవాడు. పన్నెండేళ్లకే ఈ విద్య పట్టుబడిందని నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎంతవరకూ వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ఆ రోజుల్లో కోనసీమకి బాల్ బాడ్మింటన్ పిచ్చి పట్టింది. ఐదుగురు కుర్రాళ్లూ, రెండు పోక మానులూ, ఒక వలా ఉన్న ప్రతి ఊరికీ ఒక టీము. నాకంటే రెండేళ్లు పెద్దవాడైన మా అన్నయ్య మా హైస్కూలు టీముకి కెప్టెన్. సాయంత్రాలు ప్రాక్టీసులో వాడు పసుప్పచ్చ ఉన్ని బంతిని కొట్టే కొట్టుడుకి, చుట్టుపక్కల చెట్లెక్కి కాయలు దింపేవాళ్లు కూడా కత్తి ఆపి చూసేవారు. పోటీ రోజున మాత్రం వాడు వేరే మనిషి. పొద్దుటి నుంచీ పెరట్లోకి తిరుగుతూనే ఉండేవాడు. అరచేతులు నూతిలో నీళ్లలా చల్లబడేవి. వెనక నుంచి వచ్చి వాటిని నా మెడ మీద పెట్టేవాడు గనక నాకు తెలుసు. నేను కెవ్వుమంటే వాడికి కాస్త ధైర్యం వచ్చేది.

పోటీలో వాడు ఓడితే ఊరంతా కారణాలు వెతికిపెట్టేది. ఎండ కళ్లలో పడింది. బాట్ అల్లిక సడలింది. అంపైరు అవతలి ఊరి అల్లుడు. ఆ రోజు గాలి. ఇలా వాడి ఓటమికి తలా ఒక దుప్పటీ తెచ్చి కప్పేవారు. చేతులు చల్లబడ్డాయని మాత్రం ఎవరూ అనేవారు కాదు. ఎవరికీ తెలియదు, నా మెడకి తప్ప.

ఆడపిల్ల ఓడితే ఒకటే కారణం. "ఆడపిల్ల గదండీ."

ఈ మాట మా స్కూల్లో చట్టంగా మారడానికి కారకురాలిని నేనే. అంతకు ముందు సంవత్సరం ఆటల రోజున చెంచాలో నిమ్మకాయ పరుగు పెట్టారు. చెంచా పళ్లతో పట్టుకుని, నిమ్మకాయ పడకుండా నడవాలి. అందరికంటే నేనే ముందున్నాను. బజారులో వర్తకులంతా గట్టున నిలబడి "అమ్మాయ్, జాగ్రత్త! అమ్మాయ్, నెమ్మది!" అని ఒకటే కేకలు. అన్ని జాగ్రత్తల్ని ఒక్క నిమ్మకాయ మోయలేకపోయింది. అది పడింది. నేను అక్కడే గడ్డిలో కూలబడి, చెంచా నోట్లో ఉండగానే బావురుమన్నాను. చెంచా నోట్లో పెట్టుకుని ఏడిస్తే ఎలాంటి శబ్దం వస్తుందో తెలిసినవాళ్లు ఊళ్లో అప్పటిదాకా లేరు.

మా డ్రిల్ మాస్టారు పటాలంలో పని చేసి వచ్చిన మనిషి. ఖాకీ నిక్కరు, మెడలో విజిలు. ఆయన ఆ రోజే తేల్చేశారు: "ఆడపిల్లకి ఆట వచ్చును. జనం చూస్తుంటే రాదు. గుండె చిన్నదండీ, వాళ్ల తప్పు కాదు." అప్పటి నుంచీ ఆడపిల్లల ఆటలు పొద్దున్నే, స్కూలు వెనకాల, చూసేవాళ్లు లేకుండా జరపాలని నియమం పెట్టారు. అదే రోజు మా అన్నయ్య ఓడిపోయి బాట్ కాలవలోకి విసిరేశాడు. మగపిల్లలు కాలవల దగ్గర ఆడకూడదని నియమమేమీ రాలేదు.

నా ఏడుపు ఖరీదు ఎవరు చెల్లించాలో మరుసటి ఏడాదికి గానీ తెలియలేదు. నా స్నేహితురాలు చెల్లించాలి.

ఆమె మిషన్ బడి టీచరమ్మ గారి కూతురు. మా క్లాసులో ఆడపిల్లలం ఆరున్నొక్కటి. అందులో పొడుగు ఆమే. రింగు ఆటలో ఆమెకి సాటి లేదు. నెట్టుకి అటూ ఇటూ నిలబడి రబ్బరు రింగు ఒంటి చేత్తో పట్టుకుని, పట్టిన చేత్తోనే తిరిగి విసిరే ఆట. వాళ్లమ్మ గారు ఆమెని నర్సు చేయాలనుకున్నారు. ఆమెకి సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. చెన్నపట్నంలో ఆడవాళ్లకి డ్రిల్ టీచరు ట్రైనింగు ఇస్తారని విన్నది మొదలు ఆమెకి వేరే ధ్యాస లేదు. దరఖాస్తు తెప్పించుకుంది. దానికి ఒక సర్టిఫికెట్టు కావాలి: ఈ అమ్మాయి పై ఊరి జట్టుతో, జనం ఎదుట, పోటీలో ఆడింది అని డ్రిల్ మాస్టారు రాసివ్వాలి. ఆ నెలాఖరుకి రాజోలు వైపు నుంచి ఒక స్కూలు వాళ్లు పంటు మీద గోదావరి దాటి వస్తున్నారు. మగపిల్లలకి బాడ్మింటన్, ఆడపిల్లలకి రింగు. ఆడపిల్లల ఆట యథాప్రకారం స్కూలు వెనకాల.

"జనం ఎదుట అని ఉందే ఇందులో," అంది ఆమె కాగితం చూపించి. "స్కూలు వెనకాల జనం ఎవరుంటారు? రెండు మేకలుంటాయి."

నా చెంచా గురించి ఆమె ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

"నేను మాట్లాడతాను ఉండు," అన్నాను.

మాస్టారు వల ముడులు సరిచూసుకుంటున్నారు. వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మాస్టారండీ, ఈసారి ఆడపిల్లల ఆట వద్దండి."

ఆయన తలెత్తారు. "అదేవిటి? వద్దనడానికి నువ్వెవరు?"

"స్కూలు వెనకాల మేకల మధ్య ఆడిస్తే రాజోలు వాళ్లు నవ్వుతారండి. వీళ్లకి ఆడపిల్లల్ని ఆడించడానికి చోటే లేదనుకుంటారు. దానికంటే మానేయడమే మన స్కూలుకి మర్యాదండి."

"మానెయ్యడం ఎలాగా? వాళ్లు బయల్దేరుతుంటేనూ!"

"అయితే ఆఖర్న ఆడించాలండి. మగపిల్లల ఆట అయిపోయాక, బహుమతుల ముందు. పెద్దలంతా కుర్చీల్లో ఉండగా."

"ఆఖర్నా? మగపిల్లల ఆట అయ్యాక మీ ఆటా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"పోనీలెండి, తమరి మాట కాదనలేను. అదే కోర్టులో వాళ్ల కంటే ముందే ఆడతాం."

"ఆఁ, ముందంటే..." అని ఆయన ఆగిపోయారు. "మీ నాన్నగారు నీకు కొట్టు ఎందుకు అప్పగించలేదే?" అన్నారు. ఆ తర్వాత వేలెత్తి షరతు చెప్పారు. "సరే. సాయంత్రం, పెద్ద కోర్టులో, మగపిల్లల కంటే ముందు. ఓడినా ఫరవాలేదు. కానీ కోర్టులో ఏడుపు వినపడకూడదు. వినపడిందా, ఆట అక్కడితో సరి. సర్టిఫికెట్టు లేదు, వచ్చే ఏడు మీకు ఆటల్లేవు."

"ఆయ్. మా ఇంట్లో ఆ మాటే లేదండి," అన్నాను.

నా జీవితంలో అంత బాగా కుదిరిన బేరం లేదు. మర్నాడే దాని అసలు ఖరీదు బయటపడింది. నా స్నేహితురాలితో జోడీగా ఆడే అమ్మాయి మునసబు గారి కూతురు. పెద్ద కోర్టులో మగవాళ్లంతా చూస్తారని తెలిసి వాళ్లింట్లో వద్దన్నారు. మిగతావాళ్ల ఇళ్లలోనూ అదే మాట. ఇంట్లో అడ్డు చెప్పని పిల్ల క్లాసులో ఒక్కతే మిగిలింది, నేను. అన్నయ్య ఆట చూడ్డానికి ఎలాగూ కొట్టు మూసి వస్తున్నాను, ఇద్దరినీ ఒక్కసారే చూసేస్తానన్నారు నాన్నగారు. అమ్మడానికి వెళ్లి నేనే సరుకునయ్యాను.

రింగు ఆటలో ఒక చిత్రమైన నియమం ఉంది. విసిరిన రింగు పళ్లెంలా తేలుతూ పోవాలి. గాలిలో ఊగిందంటే తప్పు. మరే ఆటలోనైనా చెయ్యి వణికితే దాచుకోవచ్చు. ఇందులో రింగు ఊరంతటికీ చెప్పేస్తుంది. మా ప్రాక్టీసులో నా రింగు ఉయ్యాల ఊగేది.

"కొట్లో రాశిలోకి కాయలు విసిరేటప్పుడు నీ చెయ్యి వణుకుద్దా?" అని అడిగింది నా స్నేహితురాలు.

"కాయలకేం, లెక్కపెట్టుకుంటూ విసురుతాను."

"ఇదీ అలాగే విసురు."

లాభం, రెండు, మూడు అని లోపల అనుకుంటూ విసిరాను. రింగు పళ్లెంలా వెళ్లింది. ఆ పూట నుంచి నాకు మంత్రం దొరికింది. ఆ మంత్రంలో ఒక అంకె లేదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం బజారు బజారంతా కోర్టు చుట్టూ చేరింది. మా కోసం కాదు, అన్నయ్య కోసం. ఎండు కొబ్బరి కురిడీల వర్తకులు, పీచు వర్తకులు, బెల్లం కొట్టు వాళ్లు, అందరూ ముందు బెంచీలు పట్టేశారు. మధ్యలో నాన్నగారు. అంపైరు బళ్లారి వైపు నుంచి వచ్చి రాజోలు వాళ్ల స్కూల్లో కొత్తగా చేరిన కుర్ర మాస్టారు. చేతిలో పలక. పాయింటు వచ్చినప్పుడల్లా బలపంతో గీత గీస్తున్నాడు.

రాజోలు అమ్మాయిలిద్దరూ హుషారైనవాళ్లు. వాళ్లలో ముక్కుపుడక ఉన్న అమ్మాయి మూడు విసుర్లలో నా సంగతి కనిపెట్టేసింది. "అన్నీ ఈవిడకే వెయ్యవే. ఈవిడ చేతికి చిల్లుంది," అని జోడీకి అందరికీ వినపడేలా చెప్పింది. మొదటి ఆట వాళ్లదే అయింది. రెండో ఆటలో నా స్నేహితురాలు నా వైపు రింగులు కూడా తనే పట్టడం మొదలుపెట్టింది. నేను కోర్టులో ఒక స్తంభంలా నిలబడి, ఆమెకి అడ్డు రాకుండా చూసుకున్నాను. అది కూడా ఒక నేర్పే. రెండోది మేం గెలిచాం.

మాస్టారు గడియారం చూసుకున్నారు. "మగపిల్లల టైము అయిపోతోంది. చీకటి పడక ముందు రాజోలు వాళ్లు పంటెక్కాలి. మూడో ఆట ఏడు పాయింట్లే. ముందు ఏడు చేసినవాళ్లు గెలిచినట్టు!"

ఆ అంకె విని బెంచీల మీద కొందరు సర్దుకుని కూర్చున్నారు.

ఐదూ ఐదు అయింది. మాకు ఆరు అయింది. సర్వీసు నాది. లాభం, రెండు, మూడు అనుకుంటూ వేశాను. రింగు అటూ ఇటూ ఐదారుసార్లు తిరిగింది. సరిగ్గా అప్పుడే అన్నయ్య టీము తెల్ల బనియన్లతో కోర్టు పక్కకి వచ్చింది. జనం వాళ్లని చూడాలని ముందుకి తోసుకొచ్చారు. అంపైరు వెనక్కి తిరిగి "జరగండప్పా, గీత మీదికి రావద్దండి!" అని వాళ్లని నెట్టుతున్నాడు. అతని వీపు మా వైపుంది. ఆ రెండు క్షణాల్లో నా స్నేహితురాలు విసిరిన రింగు రాజోలు అమ్మాయిలిద్దరి మధ్యా నేల మీద పడింది. అయిపోయింది. గెలిచాం.

అంపైరు ఇటు తిరిగి, పడి ఉన్న రింగుని చూసి, పలక చూసుకున్నాడు. ఏది గీశాడో ఏది గీయలేదో అతనికే తెలియలేదు. సర్వీసు చేసినదాన్ని గనక నన్నడిగాడు. "స్కోరు ఎంతైందమ్మా మీది?"

"ఆరున్నొక్కటండి!" అన్నాను సంతోషం పట్టలేక.

"ఆరు. సరే. ఇంకొకటి కావాల. ఆడండి."

బెంచీలు లేచాయి.

"ఆరున్నొక్కటంటే ఆరు కాదండీ బాబూ!" అన్నారు ఒక కురిడీ వర్తకుడు గారు.

"మరి ఎంత?"

"ఆరూ, దాని మీద ఒకటీనండి."

"ఆరు మీద ఒకటంటే ఎంతప్పా?"

ఆయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నారు. మర్నాడు ఆయన సరుకు లారీకెక్కాలి. పక్కాయన వైపు చూశారు. పక్కాయన బెల్లం కొట్టు ఆయన వైపు చూశారు.

"ఎనిమిదికి ముందుదండి," అని సాయం చేశారు బెల్లం కొట్టు ఆయన.

"ఇంత బజారులో ఆ అంకె ఒక్కరికీ రాదా?"

"వచ్చునండి. అనకూడదండి."

నా స్నేహితురాలు ముందుకొచ్చి స్పష్టంగా "ఏడు సార్," అంది. వాళ్లింట్లో ఈ గొడవ లేదు.

"నిన్నడగలేదమ్మా. సర్వీసు చేసినాయమ్మ ఆరంటాది, నువ్వు ఏడంటావు. ఏది రాసుకోవాల నేను? ఆయమ్మనే చెప్పమను, రాసుకుంటాను."

ముక్కుపుడక అమ్మాయికి అంతా తెలుసు. వాళ్లదీ కోనసీమే, వాళ్లూ కాయలు లెక్కపెట్టినవాళ్లే. నడుము మీద చెయ్యి వేసుకుని నవ్వుతోంది. "అనవే. ఒక్క మాటే కదా. ఏడు అను, ఇంటికి పోదాం."

ఇంతకాలం పోటీలో భయమంటే చేతుల్లో ఉంటుందనుకున్నాను. నాలుక మీద కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఒక్క అక్షరం, ఇంకో అక్షరం, అంతే. నాన్నగారి వైపు చూశాను. కోపంగా లేరు. పాపం, ఆయన పెదవులు కూడా 'ఆరున్నొక్కటి' అనే కదులుతున్నాయి. చుట్టూ ఊళ్లో ఉన్న కొబ్బరి వర్తకమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఈ పిల్ల ఇప్పుడు మన కొట్లన్నిటి మీదా ఆ మాట పారేస్తుందా అని. అయినా తెగించాను. కళ్లు మూసుకుని నోరు తెరిచాను.

"ఏ..."

"ఏడుస్తోందా?" అంటూ మా డ్రిల్ మాస్టారు విజిలు నోట్లో పెట్టుకుని ఒక్క గెంతు గెంతారు.

నోరు మూసేశాను.

నా స్నేహితురాలు రింగు తీసుకుని వచ్చింది. "పోనీలెండి సార్. ఇంకొకటి ఆడతాం."

"ఉండవే," అన్నాను ఆమె చెవిలో. "నేను బేరం ఆడతాను. పావుగంటలో ఒప్పిస్తాను."

"నీ బేరం అయ్యేసరికి పొద్దు గూకుద్ది. పట్టుకో," అని రింగు నా చేతిలో పెట్టింది.

ఆమె వేళ్లు తగిలాయి. నూతిలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. అచ్చం అన్నయ్య చేతుల్లా. అంతసేపూ ఆమెకి అసలు భయమే లేదనుకుని నేను ఆమె వెనక దాక్కున్నాను.

"నీకూనా?" అన్నాను.

"నోరు ముయ్యి. లాభం దగ్గర మొదలుపెట్టు."

మొదలుపెట్టాను. రింగు ఊగలేదు. అవతలికి వెళ్లింది, ఇవతలికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ముక్కుపుడక అమ్మాయి మాట మీద నిలబడే మనిషి. చిల్లున్న చేతికే వేసింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఆరు దగ్గర రింగు నా మొహం మీదికి వచ్చేసింది. పట్టుకోవలసిందే, పట్టుకోలేదు. కూర్చుండిపోయాను. నా తల మీదుగా పోతున్న రింగుని వెనక నుంచి నా స్నేహితురాలి ఎడం చెయ్యి అందుకుంది. అందుకున్న ఊపులోనే వాళ్ల వెనక మూలకి విసిరింది. ఊగలేదు, తొణకలేదు. గీతకి లోపల పడింది.

అంపైరు ఈసారి కళ్లారా చూశాడు. బలపం ఎత్తి, నవ్వు ఆపుకుంటూ నన్నడిగాడు. "ఎంతమ్మా?"

నేను చెప్పనవసరం లేకపోయింది. బెంచీలన్నీ ఒక్క గొంతుతో అరిచాయి: "ఆరున్నొక్కటి!"

తర్వాత మగపిల్లల ఆట. అన్నయ్య టీము గెలుపుకి ఒక్క పాయింటు దూరం దాకా వెళ్లింది. సర్వీసు అన్నయ్యదే. బంతి చేత్తో పట్టుకుని ఒకసారి తిప్పాడు, ప్యాంటుకి అరచెయ్యి తుడుచుకున్నాడు, మళ్లీ తిప్పాడు. వలలోకి కొట్టాడు. ఆ తర్వాత వాడి దగ్గరికి వచ్చిన ప్రతి బంతీ వలలోకే, లేదా కాలవ వైపే. వాడితో పాటు మిగతా నలుగురూ బిగుసుకుపోయారు. ఓడిపోయారు. "ఈ గాలిలో ఎవరు మాత్రం ఆడతారండీ," అన్నారు బెల్లం కొట్టు ఆయన లేస్తూ. దుప్పట్లు మొదలయ్యాయి.

మంచినీళ్ల కోసం వెళితే, విప్పి నిలబెట్టిన ఎడ్ల బళ్ల వెనక అన్నయ్య కనిపించాడు. బండి చక్రం మీద నుదురు ఆనించి ఏడుస్తున్నాడు. చప్పుడు లేకుండా. చెంచా లేకుండా ఎలా ఏడవాలో నేర్చుకున్న ఏడుపు. నేను దగ్గరికి వెళ్లి, నా చేతులు నూతి దగ్గర తడిసి ఉన్నాయి గనక, వాడి మెడ మీద పెట్టాను. కెవ్వుమన్నాడు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

"నీకేం," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు ఓడినా ఎవరూ ఏవీ అనుకోరు."

నిజమే. వాడి గుండె పెద్దదీ కాదు, మా గుండెలు చిన్నవీ కావు. మా నుంచి ఊరు కోరింది ఏడవకుండా రావడం ఒక్కటే. వాడి భుజాల మీద మాత్రం బజారంతా ఎక్కి కూర్చుంది. తేడా ఆ బరువులో ఉంది, గుండెల్లో లేదు. కానీ ఆ లెక్క నా వరకే సరిపోతుంది. నా స్నేహితురాలి భుజాల మీద చెన్నపట్నం అంత బరువుంది. అది బెంచీల మీద వాళ్లెవరికీ కనపడలేదు. కనపడని బరువుకి ఆమె చేతులు చల్లబడ్డాయి. ఆ చల్లబడ్డ చేత్తోనే విసిరింది. అన్నయ్యకి ఆ మాట చెప్పాను. "లెక్కపెట్టుకుంటూ విసిరేవటగా, ఎలాగది?" అన్నాడు. ఆ మరుసటి పోటీకి ముందు కొట్టు వెనక పీచు గుట్టల దగ్గర వాడు ఒంటరిగా "లాభం, రెండు" అనుకోవడం విన్నాను. ఇదంతా రాస్తానని ఈ మధ్య చెబితే, "రాసుకో. ఆ రోజు గాలి కూడా ఉందని రాయి," అన్నాడు. ఉంది. రాశాను.

సోమవారం సర్టిఫికెట్టు కోసం ఇద్దరం మాస్టారి దగ్గరికి వెళ్లాం. ఆయన సంతోషంగా ఉన్నారు. మాట నిలబెట్టుకుంటూ నిండు పేజీ ఇంగ్లీషులో రాసి ఉంచారు. "చదువుకో," అని ఆమెకిచ్చారు.

ఆమె నిలబడే చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగింది. నేను భుజం మీదుగా తొంగి చూశాను. ఎంత ఒత్తిడిలోనైనా ఈ అమ్మాయి అచ్చం మగపిల్లాడిలా ఆడుతుంది అని ఉంది.

"ఈ ఒక్క ముక్క కొట్టెయ్యండి మాస్టారండీ," అంది.

"ఎందుకూ? అది మెచ్చుకోలు మాటేనమ్మా! అంతకంటే ఏం రాయను?"

"ఆయ్, మెచ్చుకోలు మాటేనండి. కానీ మొన్న మగపిల్లలు ఎలా ఆడేరో తవరూ చూసేరు కదండీ. ఈ మాట చదివితే నన్ను చేర్చుకోరేమోనండి."

మాస్టారి చేతిలోంచి విజిలు జారి ఒళ్లో పడింది. తర్వాత ఆయన నవ్విన నవ్వుకి పక్క గదిలోంచి లెక్కల మాస్టారు తొంగి చూశారు. కలం తీసి ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశారు.

"మరి ఏమని రాయమంటావు?"

ఇది నా పని. గొంతు సవరించుకున్నాను. ముందు ఆకాశమంత అడిగి, దిగిరావచ్చు. "జిల్లాలోనే ఇలాంటి క్రీడాకారిణి..." అని మొదలుపెట్టాను.

ఆమె నా కాలు తొక్కింది.

"ఆడపిల్ల కదండీ. ఆడింది అని రాయండి, చాలు," అంది.

ఆయన అలాగే రాశారు. ఆ వేసవి వెళ్లాక ఆమె చెన్నపట్నానికి వెళ్లింది. బేరం ఆడకుండా ఒక మనిషి తనకి కావలసింది పట్టుకుపోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.